నాలుగు కుర్చీల యంత్రం

గూట్లోంచి తల బయటికి తీసి, పళ్ళ మధ్య కరుచుకున్న స్క్రూడ్రైవర్‌ని చేతిలోకి తీసుకుని కంప్యూటరాయన అడిగాడు.

“ఎంతమంది వాడతారమ్మా దీన్ని?”

“నలుగురం,” అంది ప్లాన్లమ్మ.

ఆయనెంత మామూలుగా అడిగాడో ఆమె అంత మామూలుగానే చెప్పింది. చెప్పాక చెవులు వేడెక్కాయి. అబద్ధమాడితే అతికినట్టుండాలంటారు. నోరు జారిన ఆ ఒక్క మాటని అతికించడానికి ఎన్ని పాట్లు పడాలో ఆమెకి అప్పటికింకా తెలియదు.

ఇళ్ళకి ప్లాన్లు గీయడం ఆమె వృత్తి. ప్లాన్లమ్మ అన్న పేరు తాపీ మేస్త్రీలు పెట్టింది. అసలు పేరుతో పిలిచేవాళ్ళు ఒక్కొక్కరే తగ్గిపోయి చివరికి అదే స్థిరపడింది. గదిలో నాలుగు బల్లలున్నాయి, ఇటు రెండు, అటు రెండు, ఎదురుబొదురుగా. బల్లకో తెర, తెర వెనకాల అరచేతంత డబ్బా. ఆ డబ్బాల్లో బుర్ర ఉండదు, బుర్రంతా గూట్లోని పెద్ద యంత్రానిదే. నలుగురు నాలుగు చోట్ల కూర్చుని ఏం గీసినా గీతలన్నీ వెళ్ళి అక్కడే చేరేవి. ఆ యంత్రం నిన్న పొద్దున ఒక్క మూలుగు మూలిగి ఆగిపోయింది.

“మదర్‌బోర్డు పోతూ పోతూ ప్రాసెసర్ని కూడా వెంట తీసుకుపోయింది. డిస్కులు బాగానే ఉన్నాయి, మీ ప్లాన్లకేం భయంలేదు. ఇప్పుడు రెండు దార్లున్నాయమ్మా. సర్వర్ ప్రాసెసర్ వేసుకోవచ్చు, డెస్క్‌టాప్ ప్రాసెసర్ వేసుకోవచ్చు.”

“రెంటికీ తేడా ఏమిటండీ?”

అడిగినందుకు ఆయన మొహం వికసించింది. ఎవరూ అడగరు కాబోలు. నేలమీదే బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు.

“సర్వర్‌ది నలుగురి మనిషి. లోపల చేతులెక్కువ. ఒక్కో చెయ్యీ కాస్త నిదానమే, కానీ ఎంతమంది ఎన్ని పనులు చెప్పినా విసుక్కోదు. నెలల తరబడి ఆపకపోయినా అలసిపోదు. మెమరీలో ఎక్కడైనా చిన్న తప్పు దొర్లితే తనే దిద్దుకునే ఏర్పాటు కూడా ఉంటుంది. డెస్క్‌టాప్‌ది ఒక్కరి మనిషి. చేతులు తక్కువ, ఉన్న చెయ్యి మాత్రం మహా చురుకు. ఒక్కరు కూర్చుని గీసుకోడానికి దాన్ని మించింది లేదు. నలుగురు మీద పడితే మాత్రం ఉక్కిరిబిక్కిరైపోతుంది.”

“అయితే మాకు సర్వర్‌దే.”

గూటి పై అరలో, నాలుగు బల్లల వైర్లూ వచ్చి చేరే చిన్న డబ్బా ఉంది. నాలుగు వైర్లకి నాలుగు దీపాలు. వాటిల్లో ఒక్కటే మిణుకుమంటోంది. ఆయన దానివైపు చూశాడు. ఆయన చూడటం ఆమె చూసింది.

“మిగతావాళ్ళు సైటుకెళ్ళారు,” అంది.

“వెళ్ళాలి మరి. సైటు చూడకుండా ప్లానేం గీస్తారు!” అని స్క్రూడ్రైవర్ సంచిలో పెట్టుకున్నాడు. “ఒక పని చేద్దామమ్మా. ఇది ఖరీదైన వ్యవహారం, పెట్టె సీలు విప్పాక వెనక్కి తీసుకోరు. మా దగ్గర పాత సర్వర్ ఒకటుంది, ప్రస్తుతానికి దాన్ని తగిలించి వెళ్తాను. శుక్రవారం మధ్యాహ్నం వస్తా. నలుగురూ కూర్చుని గీస్తుంటే దానిమీద ఎంత బరువు పడుతోందో చూస్తే, ఏది తెప్పించాలో తేలిపోతుంది. మా టెక్నీషియన్లు కూడా అదే అంటారు, చూడకుండా ఏదీ అంటగట్టకూడదని.”

“నలుగురూ ఉండాలా?”

“ఉంటేనే కదమ్మా తెలిసేది.”

ఆయన వెళ్ళాక ఆమె చాలాసేపు గూటి ముందే నిలబడింది. గూట్లో నలుగురి యంత్రం ఉన్నంతకాలం ఈ గది ఆఫీసు. పని తక్కువైన ఆఫీసు, మనుషులు సెలవులో ఉన్న ఆఫీసు, ఏదైతేనేం, ఆఫీసే. ఒక్కరి యంత్రం కొన్న రోజున ఇది ఒకామె మూల బల్ల దగ్గర కూర్చుని గీసుకునే గది అయిపోతుంది. ఇంతవరకు ఎవరూ అడగలేదు కాబట్టి ఆ మాట ఆమె తనకి తాను కూడా చెప్పుకోలేదు.

మర్నాడు అరువు యంత్రం మీద పనిలో కూర్చుంది. రెండంతస్తుల ఇంటికి మెట్ల ప్లాను. గీత మొదలుపెట్టి చెయ్యి జరిపితే, చెయ్యి చివరికి చేరాక ఒక్క క్షణం ఆగి గీత వచ్చేది. పాత యంత్రమూ అలాగే చేసేది కనక ఆమెకి వింతగా తోచలేదు. మెట్టు తరవాత మెట్టు గీసి, షీటు యంత్రంలో భద్రంగా దాచి, మూసి, వేలి కణుపుతో బల్ల మీద రెండుసార్లు కొట్టింది.

అది ఆ ఆఫీసు పద్ధతి. ఒకరు తెరిచిన షీటు ఇంకొకరికి తెరుచుకోదు. దానిమీద ఎర్ర తాళం బొమ్మ, పక్కన ఆ షీటు ఎవరి దగ్గరుందో పేరు కనిపిస్తాయి. నలుగురూ ఉన్న రోజుల్లో తాళాల మీదే తగాదాలు. “ఆ మెట్ల షీటు ఇవాళ వదుల్తావా, గృహప్రవేశానికి వదుల్తావా?” అని ఈ మూలనించి ఆ మూలకి కేకలు. ఆ గోల పడలేక, నలుగురిలోకీ పెద్దదై అందరిచేతా అక్క అనిపించుకునే ఆవిడ ఒక నియమం పెట్టింది. షీటు మూసినవాళ్ళు రెండుసార్లు బల్ల మీద కొట్టాలి, తీసుకునేవాళ్ళు ఒకసారి కొట్టాలి. టకటక, టక్. కింది వాటాలో కొత్తగా దిగినవాళ్ళు పైన వడ్రంగి దుకాణం ఉందనుకున్నారు.

ఇప్పుడు టకటక ఒక్కటే మిగిలింది. తిరిగి టక్‌మనేవాళ్ళు లేరు. అయినా ఆమె చెయ్యి ఊరుకోదు.

పాత డిస్కుల్లోంచి తెచ్చిపెట్టిన షీట్లలో ఒకదానిమీద ఎర్ర తాళం అలాగే ఉంది. ‘అక్క దగ్గర ఉంది.’ కూతురి దగ్గరికి వెళ్తూ వెళ్తూ, బండి వచ్చిందన్న కంగారులో అక్క తెరిచి వదిలేసిన షీటది. నాలుగు రోజుల్లో వచ్చేస్తానంది. మనవరాలు పుట్టింది, పాకింది, నడిచింది, ఇప్పుడు మాటలు కూడా నేర్చింది. తాళం తీయడం ప్లాన్లమ్మకి చేతకాక కాదు. అక్క దగ్గరున్న షీటు అక్క వదలకుండా లాక్కోవడం పద్ధతి కాదు.

శుక్రవారానికి మనుషులు కావాలి. ముందు చిట్టికి ఫోన్ చేసింది. ఇంటి ముందు వైపు ఎలా ఉంటుందో రంగుల్లో బొమ్మలు వేసేది చిట్టి. మోగి మోగి ఆగిపోయింది. కాసేపటికి ఫోన్లో ఒక ముద్దు బొమ్మ, ఒక పువ్వు బొమ్మ వచ్చి పడ్డాయి. వాటికి బదులేం ఇవ్వాలో తెలియక ఆమె కూడా ఒక పువ్వు పంపించింది.

పిల్లర్లూ బీములూ చూసే పొడుగాయన మాత్రం ఒక్క రింగుకే ఎత్తాడు.

“ఏంటమ్మా, బాగున్నారా! నేనే చేద్దామనుకుంటున్నా.”

“శుక్రవారం మధ్యాహ్నం ఒక్క గంట వచ్చి కూర్చుంటారా? ఊరికే, మీ కుర్చీలో.”

“కుర్చీలో కూర్చోడానికా?” పెద్దగా నవ్వాడు. “ఇక్కడ మా కంపెనీలో కుర్చీలోంచి లేవనివ్వడం లేదమ్మా. లేస్తే ఎందుకు లేచావని అడుగుతారు. మీ దగ్గర పని పెరగనివ్వండి, ఇదంతా విసిరికొట్టి వచ్చి వాలిపోతాను.”

పని పెరిగితే వీళ్ళొస్తారు. వీళ్ళొస్తే గానీ పని పెరగదు. పిచ్చి కుదిరితే గానీ పెళ్ళి కాదు, పెళ్ళయితే గానీ పిచ్చి కుదరదు అన్నట్టుంది వ్యవహారం.

అక్కని ఆఖరికి ఉంచుకుంది. అక్కకి రావడం కుదరదని తెలుసు. తెలిసీ, గొంతు వినొచ్చని చేసింది.

“నిన్నే తలుచుకున్నానే! దీని అల్లరి చూడవే, కళ్ళజోడు లాగేసింది. ఇటివ్వమ్మా, ఇటివ్వు. ఆఁ, చెప్పు.”

“యంత్రం పాడైందక్కా. కొత్తది కొనాలి. ఎంతమందికని అడుగుతున్నాడు.”

“కొను మరి. మంచిదే కొను. మా అల్లుడు నాకొకటి కొనిచ్చాడు తెలుసా, చిన్నది. ఒక్కదానికి భలేగా ఉందే. పక్కవీధి వాళ్ళకి రెండిళ్ళు గీసిచ్చాను కూడా. గీత ఎంత తొందరగా వస్తోందనుకున్నావు!”

ఆ మాట ఎక్కడ తగిలిందో అక్కకి తెలియదు. పాపం, సంతోషంగా చెప్పింది. ప్లాన్లమ్మ ఫోను ఈ చెవినించి ఆ చెవికి మార్చుకుంది.

“మరి నువ్వు తెరిచి వెళ్ళిన షీటుందే. వసారా షీటు. అలాగే ఉంది.”

“ఏ వసారా?”

“ఏం లేదులే,” అంది ప్లాన్లమ్మ.

ఊరంతా చుట్టాలే, ఉట్టి కట్టుకోను చోటులేదని ఊరికే అనలేదు. ముగ్గురికీ ఆమె అంటే ప్రేమే. ఆ ప్రేమలో వీసమెత్తు అబద్ధం లేదు. వచ్చి కుర్చీలో కూర్చునేవాళ్ళే లేరు.

ఇక మిగిలింది శుక్రవారం వద్దని చెప్పడం. కంప్యూటరాయన దుకాణానికి ఫోన్ చేసింది.

“నమస్కారమండీ, ఆర్డర్ల విభాగం,” అంది ఒక సన్నటి గొంతు, తేనె పూసినట్టుగా. విషయం చెప్పింది. “అది సర్వీసు వాళ్ళు చూస్తారండీ. కలుపుతాను, లైన్లో ఉండండి.”

లైన్లో ఏ పాటా రాలేదు. ఫ్యాను చప్పుడొక్కటే వినపడింది. పాత ఫ్యాను, తిరుగుతూ తిరుగుతూ ఒకచోట కిర్రుమని ఆగి, మళ్ళీ తిరుగుతోంది. ఇంతలో ఇంకో గొంతు, బొంగురుగా వచ్చింది.

“సర్వీసు.”

“శుక్రవారం మీ సార్ వస్తానన్నారు, వేరే రోజు రమ్మందామని.”

“సార్ బయటికెళ్ళారండీ. శుక్రవారం రాసుకున్నారు, మారదు.”

ఆ బొంగురు గొంతు వెనకాల కూడా అదే ఫ్యాను, అదే కిర్రు. రోజంతా చప్పుడు లేని గదిలో కూర్చునే మనిషికి ఇలాంటివి ఇట్టే తెలిసిపోతాయి. ఆర్డర్ల విభాగం, సర్వీసు విభాగం, బయటికెళ్ళిన సారూ ముగ్గురూ ఒకే ఫ్యాను కింద ఒకే కుర్చీలో కూర్చుని ఉన్నారు. ఆమెకి నవ్వు ఆగలేదు. చీరచెంగు నోటికడ్డం పెట్టుకుంది.

“మీ దుకాణంలో ఎంతమంది పనిచేస్తారండీ?” అని అడిగింది, నవ్వు తెలియకుండా.

బొంగురు గొంతు కాస్త తడబడింది.

“మేమా? చాలామందిమేనండీ.”

ఫోన్ పెట్టేశాక నవ్వు మధ్యలోనే ఆగిపోయింది. గురివింద గింజ తన నలుపెరగదన్నట్టు, ఒక్కడే అయిన మనిషి తనని నలుగురేరీ అని నిలదీయడమేమిటి? కోపం వచ్చింది. ఆ కోపంలోనే శుక్రవారం సంగతి తేల్చుకుంది.

శుక్రవారం పొద్దునే నాలుగు తెరలూ వెలిగించింది. గూట్లో నాలుగు దీపాలూ మిణుకుమన్నాయి. అక్క తెర మీద ఒక కొలతల పట్టిక, పొడుగాయన తెర మీద బీముల షీటు, చిట్టి తెర మీద గులాబి రంగు ఇంటి బొమ్మ తెరిచిపెట్టింది. కుర్చీలు ముగ్గురూ ఇప్పుడే లేచి వెళ్ళినట్టుగా కాస్త వెనక్కి, కాస్త వంకరగా జరిపింది. పొడుగాయన కుర్చీ ఎత్తు పెంచింది. అక్క కుర్చీ మీద శాలువా ఎలాగూ ఉంది. గ్లాసుల్లో నీళ్ళు పోసి, ఒక్కో గ్లాసులో ఒక్కోలా తగ్గించింది. చిట్టి గ్లాసు దాదాపు ఖాళీ చేసింది, అది నీళ్ళెక్కువ తాగుతుంది. ఇదంతా చేస్తున్నంతసేపూ ఆమెకి హుషారుగానే ఉంది. అంతా సర్ది గుమ్మం దగ్గర నిలబడి చూసుకుంటే మాత్రం, ఎందుకో, మళ్ళీ లోపలికి అడుగుపెట్టబుద్ధి కాలేదు.

కంప్యూటరాయన చెప్పిన వేళకే వచ్చాడు.

“భోజనానికెళ్ళారు,” అంది ఆమె, ఆయన అడక్కముందే.

“వస్తారుగా, కూర్చుంటాను. మావాళ్ళు ఉన్నారు దుకాణం చూసుకోడానికి,” అని గూటి దగ్గర చతికిలబడ్డాడు. యంత్రానికి తన చిన్న తెర తగిలించుకుని అంకెలు చూస్తూ కూర్చున్నాడు. ఆమె మెట్ల షీటు తెరిచింది. గోడ గడియారం తన పని తను చేసుకుపోతోంది. ఎండ కిటికీలోంచి మొదట పొడుగాయన బల్ల మీదకీ, తరవాత చిట్టి బల్ల మీదకీ జరిగింది.

“బాగా తింటారనుకుంటా మీవాళ్ళు,” అన్నాడు ఆయన.

“హోటలు దూరం.”

“ఆఁ. దూరమైతే ఆలస్యమవుతుంది.”

మింగలేకా కక్కలేకా ఆమె కొళాయి చూసుకునే నెపంతో వంటగదిలోకి వెళ్ళొచ్చింది. తిరిగొచ్చేసరికి ఆయన ఆమె కుర్చీ వెనక నిలబడి ఉన్నాడు.

“ఒక గీత గీయండమ్మా. పొడుగ్గా.”

గీసింది. చెయ్యి ఆగింది. క్షణం తరవాత గీత వచ్చి ఆగింది.

“చూశారా? మీ చెయ్యి వెళ్ళిపోయాక అది బయల్దేరుతోంది. దీని తప్పు కాదది. దీని చేతులన్నీ ఖాళీగా కూర్చున్నాయి, ఒక్కటే పనిచేస్తోంది, ఆ ఒక్కటీ నిదానం. కొత్త సర్వర్ కొన్నా కాస్త మెరుగవుతుందే గానీ దాని వరస ఇదే. పెళ్ళివారికి వండే పొయ్యి మీద ఒక్క కప్పు టీ పెట్టుకున్నట్టు.” ఒక్క కప్పు అన్న మాట దగ్గర ఆయన కొంచెం తగ్గి, వేరే వైపు చూశాడు. “మరి ఈ వసారా షీటు మీ అక్కగారి దగ్గరున్నట్టు చూపిస్తోందే. ఆవిడ వచ్చాక మూసెయ్యమనండి. ఎప్పుడు తెరిచారో, తేదీ మరీ పాతది.”

“సరే,” అంది ఆమె. మాట మార్చడానికి మెట్ల షీటు దాచి మూసింది. మూశాక, చెయ్యి తన అలవాటుకొద్దీ బల్ల మీద రెండుసార్లు కొట్టింది.

“అదేమిటమ్మా?”

“మా పద్ధతి. షీటు వదిలినవాళ్ళు రెండుసార్లు కొడతారు, తీసుకునేవాళ్ళు ఒకసారి.”

ఆయన మూడు కుర్చీలవైపూ చూశాడు. వెటకారమేమీ లేదు, తెలుసుకుందామనే అడిగాడు.

“ఇప్పుడెవరికి కొట్టారు?”

హోటలు దూరమనొచ్చు. అక్క వచ్చేస్తోందనొచ్చు. వాళ్ళకి ఒంట్లో బాగాలేదనొచ్చు. నాలుగు గ్లాసులూ, వంకరగా జరిపిన కుర్చీలూ ఆమెకే ఎబ్బెట్టుగా కనిపించాయి.

“ఎవరూ రారండీ,” అంది. “చాలా రోజులైంది వాళ్ళు మానేసి. నేనొక్కదాన్నే.”

చెప్పాక ఏడుపొస్తుందేమోనని భయపడింది. రాలేదు. ఒంట్లోంచి ఏదో బరువు దిగి, దిగినచోటంతా బోసిగా ఉంది. ఆయన అయ్యో అనలేదు. ముందే తెలుసని కూడా అనలేదు. అక్క బల్ల మీది గ్లాసు వైపు చెయ్యి చాపాడు.

“ఈ నీళ్ళు తాగొచ్చా? దాహంగా ఉంది.”

“తాగండి. పొద్దున పోసినవే.”

గటగటా తాగేసి గ్లాసు జాగ్రత్తగా అక్కడే పెట్టాడు. “అయితే డెస్క్‌టాప్‌దే. తిరుగులేదు. మా ఆర్డర్ల వాళ్ళకి చెప్పి ఇవాళే తెప్పిస్తాను. సోమవారం మా టెక్నీషియన్ తీరిక చూసుకుని, కుదరకపోతే నేనే వచ్చి బిగిస్తా.”

తన గుట్టు విప్పి ఆయన ముందు పెట్టింది. ఆయన మాత్రం తన ఆర్డర్ల వాళ్ళనీ టెక్నీషియన్నీ వెంటబెట్టుకునే మెట్లు దిగి వెళ్ళిపోయాడు. మాట తన్నుకొచ్చింది. మీ ఫ్యానుకి నూనె వెయ్యమని మీ నలుగురిలో ఎవరికి చెప్పను, అని అడుగుదామనుకుంది. అడగలేదు. చెప్పడం ఎంత కష్టమో ఇప్పుడే చూసింది కదా. అయినా మనసు చివుక్కుమంది. అన్యాయంగానే అనిపించింది.

సోమవారం, అనుకున్నట్టే, టెక్నీషియన్‌కి తీరిక లేక ఆయనే వచ్చాడు. కొత్త పెట్టె గూట్లోకి వెళ్ళలేదు. ఆమె బల్ల కిందే, మోకాలి పక్కన పెట్టాడు. ప్రాసెసర్ని రెండు వేళ్ళ మధ్య అంచులు పట్టుకుని ఆమెకి చూపించాడు. బిస్కెట్టంత కూడా లేదు. ఇన్నాళ్ళ ఆఫీసు తలరాత దీని చేతుల్లో ఉందా అనుకుంది ఆమె. ఆయన దాన్ని గుంటలో పడుకోబెట్టి, పైన మీట నొక్కి, తెల్లటి మైనం లాంటిదేదో బఠాణీ గింజంత అద్ది, దానిమీద చిన్న ఫ్యాను బిగించాడు. స్క్రూలు ఒక మూల తరవాత ఎదురు మూల తిప్పుకుంటూ వచ్చాడు. ఆ పని చేస్తున్నంతసేపూ ఆయన నోట మావాళ్ళన్న మాటే రాలేదు.

“ఈ మూడు డబ్బాలూ, వైర్లూ ఏం చెయ్యమంటారు?”

“తీసెయ్యండి,” అంది. తనే అంత తేలిగ్గా అన్నందుకు ఆశ్చర్యపోయింది.

ఒక్కో వైరూ లాగుతుంటే గూట్లో ఒక్కో దీపం ఆరింది. ఆఖరికి పై అరలోని చిన్న డబ్బాకే పని లేకుండా పోయింది. ఆయన వైర్లు చుట్టచుట్టి గూట్లో పెట్టి, అరువు సర్వర్ని భుజానికెత్తుకున్నాడు.

“ఏమైనా తేడా వస్తే మా సర్వీసు నంబరుకి చెయ్యండమ్మా.”

“ఎవరెత్తుతారు?”

“ఎవరో ఒకరు ఉంటారు,” అని గుమ్మం దాటాడు.

గది ఒక్కసారిగా పెద్దదైపోయింది. ఆమె మూడు తెరలకీ పాత దుప్పట్లు కప్పింది. అక్క శాలువా మడిచి, ఒక క్షణం ఒళ్ళో పెట్టుకుని, అలమరలో పెట్టింది. తన కుర్చీలో కూర్చుంది. షీట్లన్నీ కొత్త యంత్రంలో వరసగా కనిపిస్తున్నాయి. ఎక్కడా ఎర్ర తాళం లేదు. ఒక్కరి యంత్రంలో తాళాలుండవు, ఎవరికి అడ్డమని ఉండాలి? వసారా షీటు పక్కన ‘అక్క దగ్గర ఉంది’ అన్న మాట లేదు. పేరు లేని ఆ చోటుని చూస్తే, అక్క వెళ్ళింది ఇవాళేనన్నంత దిగులేసింది.

తెరిచింది. అందులో ఏమీ లేదు. ఒక చిన్న ఇల్లు, ముందు వసారా, వసారాకి సగం గీసిన మెట్లు. ఆ ఇంటివాళ్ళు వేరే ఎవరిచేతో గీయించుకుని కట్టుకుని ఉంటారు కూడా. ఇన్నాళ్ళూ తను కాపలా కాసింది ఈ సగం మెట్లకా?

ఊరికే ఉండలేక మిగతా మెట్టు గీయబోయింది. చెయ్యి కదిలింది. గీత కూడా కదిలింది. ఆమె ఉలిక్కిపడి ఆగింది, గీతా ఆగింది. మళ్ళీ కదిపింది. చెయ్యి ఎటు పోతే గీత అటే, వెనకబడకుండా, చెయ్యి పట్టుకు నడిచినట్టుగా వస్తోంది. ఎన్నేళ్ళుగానో గీత కోసం ఒక్క క్షణం ఆగడం అలవాటైపోయి, ఆగుతున్నట్టే ఆమెకి తెలియదు. ఇప్పుడా ఆగడం లేదు. మెట్టు తరవాత మెట్టు, నేలదాకా దించేసింది. పక్కన కటకటాలు గీసింది. అక్క ఎప్పుడూ మర్చిపోయే నీటి వాలు కూడా గీసింది. సంతోషం ఆపుకోలేక తల ఎత్తి, “చూశారా!” అనబోయింది.

మూడు దుప్పట్లు.

షీటు దాచి మూసింది. వేలు మడిచి చెయ్యి ఎత్తింది. ఎత్తిన చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. ఇన్నాళ్ళూ ఎవరో వింటారనే కొట్టింది కాబోలు. ఎవరూ లేరని తన నోటితో తనే చెప్పాక, ఎలా కొడుతుంది?

చెయ్యి దించి ఫోను తీసుకుంది. అక్కకి చెయ్యొచ్చు. గీత తొందరగా రావడం అక్కకి కొత్త కాదు. పొడుగాయన నవ్వుతాడు. చిట్టి పువ్వు పంపిస్తుంది. సర్వీసు నంబరు నొక్కింది.

“నమస్కారమండీ, ఆర్డర్ల విభాగం.”

తేనె గొంతు. వెనకాల ఫ్యాను కిర్రుమంది.

“ప్లాన్లు గీసే ఆవిణ్ణండీ. పొద్దున మిషను పెట్టి వెళ్ళారు.”

“ఏదైనా సమస్యా అండీ? సర్వీసు వాళ్ళకి కలపమంటారా?”

“సమస్యేం లేదు. గీత చేతి వెంటే వస్తోంది. ఎవరికైనా చెబుదామని చేశాను.”

అవతల తేనె కాస్త ఇంకినట్టయింది.

“ఎవరికి చెప్పమంటారండీ?”

“మీ దుకాణంలో ఎవరికైనా పరవాలేదు. ఎవరు ఖాళీగా ఉంటే వాళ్ళకి.”

ఫ్యాను తిరిగింది, కిర్రుమంది, మళ్ళీ తిరిగింది. ఆమె తొందరపెట్టలేదు. ఆ చోట నిలబడటం ఎలా ఉంటుందో ఆమెకి తెలుసు. చాలాసేపటికి కంప్యూటరాయన గొంతు వచ్చింది, సన్నదీ కాదు, బొంగురుదీ కాదు, నేలమీద బాసింపట్టు వేసుకుని మాట్లాడిన మనిషి గొంతు.

“ఇక్కడెవరూ లేరమ్మా. నేనొక్కణ్ణే.”

“అయితే మీకే చెబుతున్నాను,” అంది ప్లాన్లమ్మ.

ఫోను పెట్టేయడానికి మనసొప్పలేదు. ఆమె ఫోను బల్ల మీద పెట్టి, దాని పక్కనే వేలి కణుపుతో రెండుసార్లు కొట్టింది.

ఫ్యాను ఒక చుట్టు తిరిగింది. ఆయనకి గుర్తుండదేమో అనుకుంది. ఇంకో చుట్టు తిరిగింది.

టక్.

ఆమె తరవాతి షీటు తెరిచింది.